గూబ గుయ్యిమనని 'గూ'

సోనిక్ యూత్ అనే అమెరికన్ రాక్ బ్యాండు పేరు వినగానే చెవులు మూసుకునేవాళ్ళకి ముందే చెప్పేస్తే మంచిది. వీళ్ళ 1990 ఆల్బమ్ పేరు 'గూ' గానీ, వింటే గూబ గుయ్యిమనదు. మొదటిసారి పెట్టినప్పుడు 'దీనికా ఇంత పేరు' అనిపిస్తే తప్పు మీది కాదు. గిటార్ తీగల కింద స్క్రూడ్రైవర్లు దూర్చి వాయిస్తూ న్యూయార్క్ చిన్న క్లబ్బుల్లో తొమ్మిదేళ్ళు గడిపిన బ్యాండు, పెద్ద కంపెనీ డబ్బుతో తీసిన మొదటి రికార్డు ఇది. గోల తగ్గలేదు, గోలకి అంచు కుట్టారు. ఆ కుట్టు కొన్నిచోట్ల అందంగా కుదిరింది, కొన్నిచోట్ల బిగుసుకుపోయింది.

బెంగళూరులో రాక్ వినే తెలుగువాళ్ళలో చాలామంది మెటల్ దారిన వచ్చినవాళ్ళే. 2007లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్, 2011లో అదే మైదానంలో మెటాలికా ఆడి వెళ్ళాక ఆ దారి ఇంకా వెడల్పయింది. ఆ చెవులతో 'గూ' వింటే వెతికినవేవీ దొరకవు. వేళ్ళు పరుగెత్తే సోలో లేదు, గొంతు చించుకునే గాయకుడు లేడు, డబుల్ బేస్ డ్రమ్ అసలే లేదు. వినాల్సింది తీగల మోత. అందుకే ఈ రికార్డుకి మెటల్ చెవికన్నా, చామరాజపేట రామనవమి పందిట్లో కచేరీ మొదలవకముందు తంబురా శ్రుతి వింటూ కూర్చున్న చెవి బాగా పనికొస్తుంది. ఇదేదో గొప్ప కోసం కలిపిన పోలిక కాదు, లెక్కతో సహా కింద చూపిస్తాం.

ముందు దీని పుట్టుక సంగతి. 1988లో వచ్చిన 'డేడ్రీమ్ నేషన్' అనే డబుల్ ఆల్బమ్‌తో ఈ నలుగురి పేరు (థర్స్టన్ మూర్, కిమ్ గోర్డన్, లీ రనాల్డో, డ్రమ్స్ మీద స్టీవ్ షెల్లీ) అమెరికా పత్రికలన్నిటా మోగింది. పేరైతే మోగింది గానీ, ఆ రికార్డు కొనాలని వెళ్ళినవాళ్ళకి దుకాణాల్లో సరిగా దొరకలేదు. చిన్న లేబుళ్ళతో (రికార్డు కంపెనీలతో) ఎప్పుడూ ఉండే చిక్కే అది: పాట బాగుంటుంది, సరుకు చేరదు. దాంతో గెఫెన్ అనే పెద్ద రికార్డు కంపెనీ వాళ్ళు కొత్తగా తెరిచిన డీజీసీ లేబుల్‌తో ఒప్పందం కుదిరింది. పాటల్లో ఏముండాలో, అట్ట మీద ఏ బొమ్మ ఉండాలో తామే తేల్చుకుంటామన్న షరతుతోనే సంతకం పెట్టారు. 1990 జూన్ 26న 'గూ' బయటికొచ్చింది. పదకొండు పాటలు, దాదాపు యాభై నిమిషాలు. బిల్‌బోర్డ్ 200లో 96వ మెట్టు దాకా ఎక్కింది. ఈనాటి లెక్కల్లో అది పెద్ద సంఖ్య కాదు, వాళ్ళకి మాత్రం అంతవరకూ అందని ఎత్తు. ఆ తర్వాత డీజీసీకి నిర్వాణా బ్యాండుని సిఫార్సు చేసింది కూడా వీళ్ళే. ఆ సిఫార్సు కంపెనీకి ఎంత సంపాదించిపెట్టిందో 1991 చివరికల్లా లోకమంతా చూసింది.

డబ్బు ఎటు పోయిందో వింటేనే తెలుస్తుంది. స్టూడియోలోకి దిగకముందు డాన్ ఫ్లెమింగ్‌ని పక్కన పెట్టుకుని పాటలన్నీ ఎనిమిది ట్రాకుల మీద (ఒక్కో ట్రాకులో ఒక్కో వాద్యమో గొంతో విడిగా పడుతుంది) కచ్చాగా రికార్డు చేసుకున్నారు. తర్వాత సోర్సరర్ సౌండ్, గ్రీన్ స్ట్రీట్ అనే రెండు న్యూయార్క్ స్టూడియోల్లో అసలు పని జరిగింది. రికార్డింగ్ దగ్గర 'డేడ్రీమ్ నేషన్' కాలం నుంచీ ఉన్న నిక్ సాన్సానో, మిక్సింగ్ దగ్గర బ్యాడ్ బ్రెయిన్స్ అనే పంక్ బ్యాండు రికార్డులతో పేరు తెచ్చుకున్న రాన్ సెయింట్ జర్మెయిన్. ఎనిమిది ట్రాకుల్లో పాడుకున్న పాటకి డజన్ల ట్రాకులు దొరికితే ఏమవుతుంది? ప్రతి గిటార్ మీదా ఇంకో గిటార్ వస్తుంది, దాని మీద మరొకటి. పొరలు పెరిగేకొద్దీ ఒక్కో పొరా కాస్త సన్నబడాలి, లేకపోతే అన్నీ కలిసి ముద్దవుతాయి. అందుకే ఇక్కడ స్టీవ్ షెల్లీ డ్రమ్స్ గాజులా స్పష్టంగా, గొంతులు ముందుకొచ్చి వినిపిస్తాయి గానీ, గిటార్ల అడుగున ఉండాల్సిన బరువు మాత్రం కొంత కొట్టుకుపోయింది. 2005లో వచ్చిన రెండు సీడీల డీలక్స్ ప్రతిలో ఆ కచ్చా రికార్డింగులు కూడా ఉన్నాయి. ఒకే పాటని అక్కడొకసారి, ఇక్కడొకసారి వెంటవెంటనే వింటే, మెరుగు పెట్టించడానికి ఎంత ఖర్చయిందో, మెరుగులో ఏది అరిగిపోయిందో రెండూ తెలుస్తాయి. మా ఓటు, పాట పాటకీ మారుతుంది. 'డర్టీ బూట్స్'కి స్టూడియో ప్రతే మెరుగు. 'టైటేనియం ఎక్స్‌పోజే'కి కచ్చా ప్రతిలోనే ఊపిరి ఎక్కువ.

పాటల్లోకి వెళ్దాం. 'డర్టీ బూట్స్' సన్నగా, అడుగులో అడుగు వేసుకుంటూ మొదలై, మెల్లగా వేడెక్కి, ఒక్కసారి పొంగి, మళ్ళీ చల్లారుతుంది. పొంగేది గుర్తుంటుంది. కానీ వినాల్సింది చల్లారే భాగం. అక్కడ వేగం తగ్గుతున్నా డ్రమ్ చెయ్యి వదలదు, తీగలు ఒక్కొక్కటిగా విడివిడిగా వినిపిస్తాయి. కొత్త హెడ్‌ఫోన్ పరీక్షించడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ ఆల్బమ్‌లో లేదు.

రెండోది 'ట్యూనిక్'. ఆల్బమ్ గుండెకాయ ఇదే. కార్పెంటర్స్ జంటలో పాడిన క్యారెన్ కార్పెంటర్ తిండి మానేసే జబ్బు ముదిరి 1983లో 32 ఏళ్ళకే చనిపోయింది. ఆమె గాయని మాత్రమే కాదు, ముందు డ్రమ్మర్. ఆమె స్వర్గంలో మళ్ళీ డ్రమ్స్ ముందు కూర్చుని ఇంటికి కబురు చెబుతున్నట్టుగా కిమ్ గోర్డన్ ఈ పాట పాడింది. పాడింది అనేకన్నా పలికింది అనాలి. గొంతులో ఏడుపు లేదు, జాలి లేదు. కింద మాత్రం గిటార్లు ఒకే స్వరం మీద సుడి తిరుగుతూ ఆరు నిమిషాలు ఆగవు. విషాదాన్ని గొంతు మొయ్యకుండా తీగలకి అప్పగించడం, ఈ పాటలో ఉన్న పనితనమంతా అదే. పెద్ద కంపెనీలో చేరిన మొదటి రికార్డులోనే, ఆ పెద్ద కంపెనీల పాట లోకం ఒక మనిషిని ఎలా కరగదీసిందో చెప్పే పాటని రెండో స్థానంలో పెట్టడానికి కొంచెం గుండె ధైర్యం కావాలి.

'మేరీ-క్రైస్ట్' మూడు నిమిషాల పరుగు, వచ్చి పోతుంది.

'కూల్ థింగ్' మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. కిమ్ గోర్డన్ 'స్పిన్' పత్రిక కోసం ర్యాపర్ ఎల్ఎల్ కూల్ జేని ఇంటర్వ్యూ చేసింది, ఇద్దరికీ మాట కలవలేదు. ఆ కలవకపోవడమే పాట అయింది. చురక అతనికే కాదు, తనలాంటి తెల్ల అభిమానులకి కూడా వేసుకుంది. మధ్యలో వినిపించే మగ గొంతు పబ్లిక్ ఎనిమీ బ్యాండు చక్ డీది. నిక్ సాన్సానో వాళ్ళతోనూ పనిచేసినవాడే, స్టూడియో కూడా వాళ్ళ అడ్డానే. చక్ డీ చేత పెద్దగా ఏమీ అనిపించలేదు, రెండు మూడు ఊతమాటలు అంతే. వాడుకోవడం ఇంకా బాగా వాడుకుని ఉండాల్సింది అన్నది మా అభిప్రాయం. అయినా, నాలుగు నిమిషాల్లో ఇంత కట్టుదిట్టంగా వీళ్ళు అంతకుముందు ఏ పాటా కట్టలేదు.

మొదటి వైపు చివర 'మోట్', ఏడున్నర నిమిషాల పైన. లీ రనాల్డో పాడిన పాట ఆల్బమ్ మొత్తంలో ఇదొక్కటే, దీనికి అమెరికన్ కవయిత్రి సిల్వియా ప్లాత్ కవిత ఒకటి ప్రేరణ. మొదటి సగం మామూలు రాక్ పాట, పైగా మంచి రాగం ఉన్న పాట. రెండో సగంలో పాట కరిగిపోయి మోత మాత్రం మిగులుతుంది. మారతహళ్ళి పీజీలో ముగ్గురున్న గదిలో ఈ రెండో సగం స్పీకర్‌లో పెడితే పక్క మంచం మీంచి "రేయ్ మామా, నీ స్పీకర్ పోయినట్టుంది చూడరా" అన్న మాట ఖాయం. ఆ మోతని దాటేసి తర్వాతి పాటకి పోకండి. గిటార్ ఆపేశాక కూడా యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) ఎదుట తీగ దానంతటదే మోగుతూ, స్వరం మెల్లగా పై స్థాయికి జారడం దగ్గరగా వింటే తెలుస్తుంది. స్పీకర్ గాలిని కదుపుతుంది, గాలి తీగని కదుపుతుంది, తీగ మళ్ళీ స్పీకర్‌కి చేరుతుంది. ఈ చుట్టు తిరుగుడులో తీగ మూలస్వరం ఓడిపోయి, దాని రెట్టింపో మూడింతలో ఉన్న పై స్వరం గెలుస్తుంది. గిటార్‌ని అటు ఇటు అంగుళం తిప్పితే గెలిచే స్వరం మారుతుంది. వీళ్ళు వాయించేది ఆ అంగుళాలనే.

రెండో వైపు మొదలు 'మై ఫ్రెండ్ గూ', పేరుపాట. రెండు నిమిషాల పిల్లచేష్ట, ఆల్బమ్‌లో అన్నిటికన్నా పేలవమైనది కూడా ఇదే. 'డిసపియరర్' బాగుంది, కానీ రేడియో కోసం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. 'మిల్డ్రెడ్ పియర్స్'లో దాదాపు అంతా ఒకే గిటార్ వరస, చివర్లో కేకలు. 'సిండరెల్లాస్ బిగ్ స్కోర్' ఈ వైపు దాగి ఉన్న మంచి పాట, రెండు మూడు సార్లు విన్నాకగానీ పట్టుబడదు. 'స్కూటర్ + జింక్స్' నిమిషం పాటు హోరు. ఆఖరి 'టైటేనియం ఎక్స్‌పోజే'లో నాలుగు పాటలకి సరిపడా మలుపులున్నాయి, మిక్సింగ్‌లో బిగుసుకుపోయిందని పైన అన్నది ముఖ్యంగా దీని గురించే.

ఇక తంబురా లెక్క. గిటార్‌ని మామూలుగా మంద్రం నుంచి తారానికి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ అని శ్రుతి చేస్తారు. 'కూల్ థింగ్'కి వీళ్ళు పెట్టింది ఎఫ్ షార్ప్, ఎఫ్ షార్ప్, ఎఫ్ షార్ప్, ఎఫ్ షార్ప్, ఈ, బీ. ఆరింట నాలుగు తీగలు ఒకే స్వరం! మన లెక్కలో ఎఫ్ షార్ప్ అంటే నాలుగున్నర శ్రుతి. దాన్ని షడ్జమం అనుకుంటే నాలుగు తీగలూ 'స', ఐదోది కైశికి నిషాదం, ఆరోది శుద్ధ మధ్యమం. తంబురాలో మూడు షడ్జమాలకి ఒక పంచమం తోడు, ఇక్కడ నాలుగు షడ్జమాలకి నిషాదం, మధ్యమం తోడు. పంచమం ఉంటే శ్రుతి నిలకడగా కూర్చుంటుంది. అది లేక, నిషాదం పైకి లాగుతూ మధ్యమం పక్కకి లాగుతూ ఉండటం వల్ల పాట ఎక్కడా పూర్తిగా కూర్చోదు. డిస్టార్షన్ పెట్టినా ముద్ద కాకపోవడానికి కారణం కూడా ఈ శ్రుతే. డిస్టార్షన్ పెడల్ రెండు వేర్వేరు స్వరాల్ని కలిపి లేనిపోని మూడో స్వరాలు పుట్టిస్తుంది. స్వరం ఒకటే అయినప్పుడు పుట్టే కొత్త స్వరాలు కూడా దాని రెట్టింపు, మూడింతలు లాంటి పై స్వరాలే కాబట్టి మోత పెరుగుతుందే గానీ మురికి పెరగదు.

దీన్ని ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్ళు మామూలు 10-46 సెట్ (అంకెలు తీగల మందం) తీగలున్న గిటార్ మీద నేరుగా తీగలు బిగించే చెవులు తిప్పొద్దు. ఏమవుతుందో లెక్క చూడండి. ఆరో తీగ ఈ నుంచి ఎఫ్ షార్ప్‌కి రెండు మెట్లు ఎక్కాలి, లాగుడు 26 శాతం పెరుగుతుంది. ఇది ఓర్చుకుంటుంది. ఐదోది మూడు మెట్లు దిగాలి, 29 శాతం వదులవుతుంది. నాలుగోది డీ నుంచి నాలుగు మెట్లు ఎక్కాలి. లాగుడు దాదాపు 59 శాతం పెరుగుతుంది, తెగేది అదే, తెగేటప్పుడు మొహానికి దగ్గరగా ఉంటే కన్ను జాగ్రత్త. రెండో తీగ బీ నుంచి కింది ఈకి ఏడు మెట్లు దిగితే సగం కన్నా ఎక్కువ బిగి పోయి, ఫ్రెట్ల మీద బరబరమంటూ స్వరం ఊగుతుంది.

కాబట్టి తీగలు మార్చాలి. బిగి అంతటా ఒకేలా ఉండాలంటే ఆరో, ఐదో తీగలు రెండూ 42, నాలుగో, మూడో తీగలు రెండూ చుట్టులేని (పైన సన్న తీగ చుట్టని) 18, రెండోది చుట్టులేని 20, ఒకటోది 13. అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు, దుకాణంలో కూడా ఇలాగే అడుగుతారు. విడి తీగలు అన్నిచోట్లా దొరకవు. దొరకనప్పుడు 9-42 సెట్లు రెండు కొనండి. అందులోంచి 42లు రెండు, 16లు రెండు, ఒకటో తీగకి 11 వస్తాయి, కాస్త మెత్తగా ఉన్నా పని నడుస్తుంది. విడిగా కొనాల్సింది 20 ఒక్కటే.

తీగ మారితే నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) దగ్గర పేచీ మొదలవుతుంది. 13 కోసం కోసిన గాడిలో 20 కూర్చోదు. బలవంతంగా దింపితే ట్యూన్ చేసేటప్పుడు 'టిక్' మని అంటుకుని, వదిలినప్పుడు స్వరం ఒక్కసారి ఎగిరిపోతుంది. ఐదో తీగ గాడికి 42తో కూడా ఇదే తంటా, కాస్త తక్కువ. గాడిని సన్నటి ఆకురాయితో వెడల్పు చెయ్యాలి, లోతు చెయ్యకూడదు. లోతు చేస్తే నట్ పాడైనట్టే. తర్వాత పెన్సిల్ ముక్కుతో గీసి గ్రాఫైట్ పొడి పడేలా చేస్తే తీగ జారుతుంది. నాలుగో గాడిలో 18 వదులుగా ఉంటుంది. ఊరికే వదిలెయ్యండి, మరీ గిలగిలలాడితేనే చూసుకోవచ్చు. ఫ్లాయిడ్ రోజ్ లాంటి తేలే బ్రిడ్జ్ ఉన్న గిటార్ జోలికి పోవద్దు. ఒక తీగ బిగించగానే మిగతా ఐదూ జారుతాయి, సాయంత్రమంతా అక్కడే గడిచిపోతుంది. కదలని బ్రిడ్జ్ ఉన్న చవక గిటార్ చాలు.

శ్రుతి చెయ్యడానికి ఫోన్ ట్యూనర్ పనికొస్తుంది. కానీ ఇంట్లో ఎవరైనా సంగీతం నేర్చుకుంటూ ఉంటే, బెంగళూరులోనే తయారయ్యే రాడెల్ ఎలక్ట్రానిక్ తంబురా ఉండే ఉంటుంది. దాన్ని నాలుగున్నర శ్రుతికి పెట్టి, పంచమం ఆపేసి, షడ్జమానికి చెవితో కలపండి. పై జంట 185 హెర్ట్జ్ దగ్గర, కింది జంట 92.5 దగ్గర. జంటలో ఒక తీగ రెండోదానికన్నా ఒక్క హెర్ట్జ్ తేడాగా ఉంటే సెకనుకి ఒక అల వినిపిస్తుంది. ఆ అలని పూర్తిగా చంపెయ్యకండి. తంబురా గుర్రం (తీగలు ఆనే బ్రిడ్జ్) మీద నూలుపోగు దూర్చి తీగకి జీవం పోస్తారు చూడండి, ఇక్కడ ఆ పని ఈ చిన్న తేడా చేస్తుంది. రెండు మూడు సెకన్లకి ఒక అల వచ్చేలా వదిలేస్తే 'కూల్ థింగ్' మొదటి మోత అచ్చంగా దిగుతుంది. సెకనుకి రెండు అలలు దాటితే మాత్రం అది అపశ్రుతే, అలంకారం కాదు.

వీళ్ళ దగ్గర గిటార్లు గుట్టలుగా ఎందుకుండేవో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక్కో శ్రుతికి ఒక్కో గిటార్ కట్టేసి ఉండాలి, వేదిక మీద పాటకీ పాటకీ మధ్య తీగలు మార్చుకుంటూ కూర్చోలేరు. 1999లో కాలిఫోర్నియాలో లారీతో సహా వీళ్ళ సామానంతా దొంగలెత్తుకుపోయినప్పుడు పోయింది గిటార్లు మాత్రమే కాదు. ఏ పాటకి ఏ గిటార్‌ని ఎలా మలిచారో ఆ పనిముట్ల జ్ఞాపకం కూడా పోయింది.

ఏ రూపంలో కొనాలి అన్నది తర్వాతి మాట. ఎల్పీ మోజు బెంగళూరు చర్చ్ స్ట్రీట్ చుట్టుపక్కల బాగా పెరిగింది, అట్ట కోసమైనా కొనేవాళ్ళున్నారు. కొనేముందు ఒక లెక్క. ఒక్క డిస్కు మీద మొదటి వైపు 26 నిమిషాల పైన, రెండో వైపు 23. ఒక వైపు 20 నిమిషాలు దాటేకొద్దీ గాళ్ళని దగ్గరగా నొక్కి కోయాలి, దగ్గరైతే శబ్దం మట్టం, అడుగు బరువు తగ్గించాలి. అదొక నష్టం. ఇంకోటి, సూది లోపలికి పోయేకొద్దీ దాని కింద గాడి కదిలే వేగం తగ్గుతుంది. అంచున సెకనుకి అర మీటరు, లేబుల్ దగ్గర 20 సెంటీమీటర్ల చిల్లర. అదే మోత సగం కన్నా తక్కువ పొడవులో ఇరుక్కోవాలి. ఆ ఇరుకు చోట్లో ఏముంది? సరిగ్గా 'మోట్' రెండో సగం, ఆల్బమ్‌లో అన్నిటికన్నా కిక్కిరిసిన మోత! చవక గుండ్రటి సూదితో అది ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. కనీసం ఎలిప్టికల్ సూది ఉండాలి. ఆడియో టెక్నికా వీఎం95ఈ లాంటిదైతే 2 గ్రాముల బరువు పెట్టండి, తగ్గించి పెడితే రికార్డు అరగదనుకోవడం భ్రమ. తేలిగ్గా ఉన్న సూది గాడిలో ఎగిరి పడుతూ గోడల్ని చెక్కేస్తుంది.

ఈ రికార్డుతో ఇంకో తమాషా ఉంది. ఏది బ్యాండు మోతో, ఏది మీ ఇంటి మోతో పోల్చుకోవడం కష్టం. పాత ఇళ్ళలో ఎర్తింగ్ సరిగా ఉండదు, 50 హెర్ట్జ్ 'హుమ్' అని అడుగున మోగుతూ ఉంటుంది. పరీక్ష సులువు. వాల్యూమ్ కదపకుండా సూది పైకెత్తండి. మోత ఉండిపోతే అది మీ ఇంటిదే. టర్న్‌టేబుల్ వెనక సన్నటి ఎర్త్ తీగ ఫోనో ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచే పెట్టె) మరకి బిగించి ఉందో లేదో చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ పోకపోతే ఎస్పీ రోడ్డులో మంచి షీల్డ్ ఉన్న ఆర్సీఏ కేబుల్, మీటరుకి మించని పొడవుది తెచ్చి మార్చండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే 'బుర్ర్' మంటే అది స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ పని. ఏ కేబులూ దాన్ని ఆపదు, కరెంటు వచ్చేదాకా హెడ్‌ఫోన్‌లో ఫోన్ మీద వినడమే.

ఫోన్ మీద వినేవాళ్ళకి ఒక్కటే షరతు, ఒంటి స్పీకర్ బ్లూటూత్ డబ్బాలో వద్దు. రెండు గిటార్లనీ రెండు పక్కలకి విడదీసి పెట్టిన రికార్డుని ఒక్క చోట పోస్తే దగ్గర దగ్గర స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బేస్ పెంచే సెట్టింగ్ కూడా ఆపెయ్యండి. అడుగు బరువు రికార్డులోనే తక్కువ, దాన్ని ఫోన్ పెంచితే కిమ్ గోర్డన్ బేస్ గిటార్ పెరగదు, గదే బొంయ్ మంటుంది.

అట్ట బొమ్మ రేమండ్ పెటిబాన్ గీసింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కారులో కూర్చున్న జంట, నలుపు తెలుపులో. కమర్షియల్ స్ట్రీట్ టీషర్టుల మీద కూడా కనిపిస్తుంది, వేసుకున్నవాళ్ళలో చాలామంది ఏదో పాత సినిమా జంట అనుకుంటారు. అది 1966లో ఇంగ్లండ్‌లో పిల్లల వరస హత్యల కేసు విచారణకి వెళ్తున్న సాక్షుల పత్రికా ఫొటో చూసి గీసింది. ఆ అమ్మాయి, ముద్దాయి మైరా హిండ్లీకి సొంత చెల్లెలు. పక్కనున్నది భర్త, పోలీసులకి మొదట కబురందించింది అతనే. ఇది తెలిశాక ఆ కళ్ళద్దాలు మునుపటిలా స్టయిల్‌గా కనిపించవు. కంపెనీ డబ్బుతో కంపెనీ అట్ట మీద దీన్ని వేయించుకోగలిగారంటే, సంతకం ముందు పెట్టిన షరతు కాగితానికే పరిమితం కాలేదన్నమాట.

సోనిక్ యూత్‌ని అసలు వినని వాళ్ళు ఇక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు, 'డేడ్రీమ్ నేషన్' డెబ్బై నిమిషాల ఎక్కుడు కన్నా ఇది సులువైన మెట్టు. అది ఇప్పటికే నచ్చినవాళ్ళకి మాత్రం 'గూ' కాస్త సర్దుకుని కూర్చున్నట్టే అనిపిస్తుంది. వాళ్ళు డబ్బు ఎల్పీ మీద పెట్టకుండా 2005 డీలక్స్ సీడీలు వెతుక్కోవడం మేలు. పాత సరుకులో దొరికితే రెండో డిస్కు బయటికి తీసి వెలుగుకి పట్టి చూడండి. చుట్టూ తిరిగే గీతలకన్నా లోపల్నుంచి బయటికి అడ్డంగా ఉన్న గీతలు నయం, వాటిని ప్లేయర్ చాలావరకు దాటేస్తుంది. కచ్చా రికార్డింగులున్నది ఆ డిస్కులోనే.